అబ్రాహాము యూదుడా? ఈ ప్రశ్న పట్టుకుని పరిశుద్ధ దేశం వెళ్ళొచ్చాను

మాది నర్సాపురం. మా చర్చిలో పన్నెండేళ్ళ నుంచి సండే స్కూల్ చెప్తున్నాను. ఒక ఆదివారం అబ్రాహాము కథ చెప్తుంటే నాలుగో క్లాసు చదివే పాప "ఆంటీ, అబ్రాహాము యూదుడా?" అని అడిగింది, నేను అవునమ్మా అనేసి పాట మొదలుపెట్టేశాను. ఇంటికొచ్చాక మనసు ఒకటే పీకుతుంది. యూదా అంటే యాకోబు కొడుకు, అబ్రాహాముకి మునిమనవడు కదా, మునిమనవడి పేరు మీద వచ్చిన జాతి పేరు ముత్తాతకి ఎలా పెడతాం? పిల్లకి తప్పు చెప్పాను.

2019 నవంబర్లో దేవుని దయ వల్ల చీటీ డబ్బులు చేతికొచ్చాయి, జోర్డాన్, ఇజ్రాయెల్, ఈజిప్టు తిరిగే గ్రూపులో నేనూ చేరాను. అమ్మాన్ నుంచి జెరాష్ వెళ్తుంటే రోడ్డు ఒక చిన్న నదిని దాటింది. గైడు ఇది జర్కా, మీ బైబిల్లో యబ్బోకు అన్నాడు. బస్సులో అందరూ ఫొటోల గొడవలో ఉన్నారు కానీ నాకు ఒళ్ళు జలదరించింది. యాకోబు రాత్రంతా దేవదూతతో పెనుగులాడింది ఈ నది రేవు దగ్గరే, తొడగూడు తప్పి కుంటుకుంటూ వెళ్ళింది ఇక్కడి నుంచే, ఇక నీ పేరు ఇశ్రాయేలు అని అనిపించుకుంది ఇక్కడే. అంటే ఇశ్రాయేలు అనేది ముందు దేశం పేరు కాదు, జాతి పేరూ కాదు, ఒక మనిషి పేరు. ఆ మనిషికి పుట్టిన పన్నెండు మంది కొడుకుల సంతానం ఇశ్రాయేలీయులు. మరి అబ్రాహాము ఇశ్రాయేలీయుడు కూడా కాడు, తాతకి మనవడి పేరు రాదు కదా.

బోర్డర్లో నాలుగు గంటలు పట్టింది, అది వదిలేస్తున్నా.

తర్వాత యొర్దాను ఒడ్డున బాప్తిస్మం ఇచ్చే చోటికి తీసుకెళ్ళారు. గోదావరి చూసి పెరిగిన కళ్ళకి యొర్దాను పంట కాలవలా ఉంది, నిజం చెప్తున్నా, అవతల జోర్డాన్ వైపు మెట్ల మీద కూర్చున్నవాళ్ళ మొహాలు కూడా కనబడుతున్నాయి. ఆ చోటు పేరు కస్ర్ అల్ యహూద్, అరబీలో యూదుల కోట అని అర్థం అంట. మోషే తర్వాత యెహోషువ ఇశ్రాయేలు జనాన్ని నది దాటించింది ఇక్కడే అని చెప్తారు, కానీ ఆ దాటిన జనాన్ని అప్పుడు యూదులు అని ఎవరూ అనలేదు, నేను చేసిన తప్పే ఆ పేరులోనూ ఉంది అనిపించింది.

అక్కడే మా పాస్టర్ అయ్యగారు యెహోషువ 24 చదివారు. మీ పితరులు "నది అద్దరిని నివసించి" అనే మాట దగ్గర నాకు ఒక్కసారిగా మా రేవు గుర్తొచ్చింది. గోదావరి అవతల సఖినేటిపల్లి నుంచి పంటు ఎక్కి వచ్చేవాళ్ళని మేము అవతలి గట్టోళ్ళు అంటాం, వాళ్ళ ఊళ్ళో వాళ్ళు తమని అలా అనుకోరు, ఇటు వచ్చాకే ఆ పేరు. హెబ్రీయుడు కూడా అలాంటి పేరే అని చాలామంది పండితులు చెప్తారు, హెబ్రీలో ఇవ్రీ, ఏవెర్ అంటే అద్దరి, యూఫ్రటీసు దాటి వచ్చినవాడు. నోవహు కొడుకు షేము వంశంలోని ఏబెరు పేరు నుంచి వచ్చింది అనేవాళ్ళూ ఉన్నారు. ఆదికాండం 14లో అబ్రాముని (అబ్రాహాము మొదటి పేరు అదే) హెబ్రీయుడు అంటారు, బైబిల్లో ఆ మాట మొదటిసారి వచ్చేది అక్కడే. తర్వాత చూడండి, యోసేపుని హెబ్రీయుడు అనేది ఈజిప్టువాడైన పోతీఫరు భార్య, యోనా తనని తాను హెబ్రీయుడు అని చెప్పుకునేది అన్యులైన ఓడవాళ్ళకి. ఎక్కువగా బయటివాళ్ళ నోట్లో, లేదా బయటివాళ్ళతో మాట్లాడేటప్పుడే వచ్చే పేరు.

నాబ్లుస్ లో యాకోబు బావి చూశాం. పక్కనే గెరిజీము కొండ, దాని మీద ఇప్పటికీ సమరయులు ఉన్నారు, మొత్తం కలిపి వెయ్యి మంది కూడా లేరు. వాళ్ళు మేము ఇశ్రాయేలీయులం, యూదులం కాదు అని చెప్పుకుంటారు. నాకు అప్పటిదాకా ఆ రెండూ ఒకటే! ఈ బావి దగ్గర యేసుతో మాట్లాడిన సమరయ స్త్రీ "మన తండ్రియైన యాకోబు" అని ఎందుకు అంటుందో ఆ రోజు అర్థమైంది, ఆమె తన హక్కు చెప్పుకుంటుంది.

ఇజ్రాయెల్లో మా గైడు నజరేతువాడు, అరబ్ క్రైస్తవుడు, హెబ్రీ గడగడా మాట్లాడతాడు, పాస్‌పోర్టు ఇజ్రాయెల్ ది. మీరు యూదులా అని మా వాళ్ళు అడిగితే కాదు అన్నాడు. 1948లో పుట్టిన దేశానికి పౌరుడు కావడం వేరు, యాకోబు సంతానం కావడం వేరు. మన తెలుగులో ఇజ్రాయెలీ, ఇశ్రాయేలీయుడు అనే రెండు మాటలూ దగ్గర దగ్గరగా వినబడతాయి కాబట్టి వార్తలు చూసేటప్పుడు మనం చాలా కలిపేస్తాం.

యెరూషలేములో యేసుని సిలువ వేసిన గొల్గొతా దగ్గర ఎక్కువసేపు ఉండనివ్వలేదు, వెనక పెద్ద క్యూ. కానీ సిలువ మీద పిలాతు రాయించిన మాట అక్కడ తలుచుకున్నాను. రోమా వాడు "యూదుల రాజు" అని రాయించాడు, తూర్పు జ్ఞానులూ అదే అన్నారు. కింద నిలబడి ఎగతాళి చేసిన ప్రధానయాజకులు మాత్రం "ఇశ్రాయేలు రాజు" అన్నారు, యేసు శిష్యుడు నతనయేలు ఒప్పుకున్నదీ ఆ మాటతోనే. ఇన్నేళ్ళు చదివాను, ఈ తేడా చూడలేదు.

ఇంటికొచ్చిన మొదటి ఆదివారమే ఆ పాపని పిలిచి, అమ్మా నేను తప్పు చెప్పాను, అబ్రాహాము హెబ్రీయుడు అని చెప్పాను. తర్వాత ఫిలిప్పీ 3:5 చదివించాను, అందులో పౌలు ఇశ్రాయేలు వంశపువాడు, బెన్యామీను గోత్రం, హెబ్రీయుల సంతానమైన హెబ్రీయుడు. అపొస్తలుల కార్యాల్లో అదే పౌలు నేను యూదుడను అంటాడు. పాప వెంటనే, "బెన్యామీను అయితే యూదుడెలా అయ్యాడు ఆంటీ?" అంది.

సొలొమోను తర్వాత రాజ్యం రెండుగా చీలిందనీ, ఉత్తరాన ఇశ్రాయేలు, దక్షిణాన యూదా అనీ, బెన్యామీను యూదాతో ఉండిపోయిందనీ చెప్పాను. క్రీ.పూ. 722లో ఉత్తర రాజ్యం రాజధాని షోమ్రోను అష్షూరు చేతిలో పడిపోయింది, యూదా మాత్రం 586 దాకా నిలబడి బబులోను చెరకి వెళ్ళింది, ఆ రాజ్యం వాళ్ళందరికీ గోత్రం ఏదైనా యూదులు అనే పేరే నిలిచింది. ఎస్తేరు 2:5 తియ్యమ్మా అన్నాను. వేలు పెట్టి వెతుక్కుని, మొర్దెకై బెన్యామీనీయుడు అనీ యూదుడు అనీ ఒకే వచనంలో ఉంది ఆంటీ అని గట్టిగా చదివింది.