ముల్లు దిగని రాత్రి

నేను సహాయ లోకో పైలట్‌గా చేరిన తొలి ఏడాది, ఒక రాత్రి కాజీపేట–బల్లార్షా మార్గంలోని ఒక యార్డు నుంచి 58 బాక్స్‌ఎన్ (పైకప్పు లేని) వ్యాగన్ల బొగ్గు బండిని తీసుకువెళ్లవలసి వచ్చింది. ఇంజను తగిలించి, బండి పొడవునా సాగే బ్రేకు పైపులోకి గాలి ఎక్కించాక మా గేజీ ముల్లు చదరపు సెంటీమీటరుకు 5 కిలోల ఒత్తిడి దగ్గర నిలిచింది. చివరి బ్రేకు వ్యానులో 4.8 ఉందని గార్డుగారు వాకీటాకీలో చెప్పారు. అక్కడ 4.7 ఉంటే చాలు కనుక ఇక బయలుదేరడమే అనుకున్నాను.

లోకో పైలట్‌గారు మాత్రం, పైపులో గాలి ఈ చివర నుంచి ఆ చివరకు అడ్డు లేకుండా పారుతోందో లేదో చూసే కంటిన్యూటీ పరీక్ష కానిదే కదలనన్నారు. గార్డుగారు తన వాల్వు తెరవగా వ్యానులో ఒత్తిడి పడిపోయింది గానీ మా ముల్లు కదలలేదు. "మధ్యలో ఎక్కడో కాక్ మూసి ఉంది, చూసి రావయ్యా" అన్నారాయన. కాక్ అంటే వ్యాగన్ చివర పైపును తెరిచే, మూసే పిడి ఉన్న కుళాయి.

రైలు బ్రేకు పడేది పైపులో గాలి తగ్గినప్పుడు. అలా తగ్గగానే ప్రతి వ్యాగన్ కిందా ఉండే డిస్ట్రిబ్యూటర్ వాల్వు, ఆ వ్యాగన్ రిజర్వాయరులో నిల్వ ఉన్న గాలిని బ్రేకు సిలిండరులోకి పంపుతుంది. బండి నడిమికి తెగినా రెండు ముక్కలూ ఆగేది ఇందువల్లనే. మధ్యలో కాక్ మూసి ఉంటే మాత్రం అవతలి గాలి అక్కడే చిక్కుబడి గేజీలో నిండుగా కనిపిస్తుంది, ఇంజనులో ఎంత తగ్గించినా ఆ వ్యాగన్లకు తెలియదు. 1988లో ప్యారిస్ గార్ ద లియోన్ స్టేషనులో 56 మంది మరణించిన ప్రమాదానికి ఒక మూలకారణం ఇలా మూసుకుపోయిన కాకే.

టార్చి వేసుకుని కంకర మీద నడుస్తూ వెళ్లగా, 34వ వ్యాగన్ దగ్గర యాంగిల్ కాక్ పిడి పైపుకు అడ్డంగా కనిపించింది. యార్డులో బండిని రెండుగా విడదీసి మళ్లీ కలిపినప్పుడు దాన్ని తెరవడం మరిచారు. తిప్పగానే గాలి బుస్సుమంటూ వెనక్కి పరుగెత్తింది, ముందు వ్యాగన్ల బ్రేకు బ్లాకులు చక్రాలను పట్టుకున్న చప్పుడు వరుసగా వినిపించింది. మళ్లీ గాలి నిండాక చేసిన పరీక్షలో మా ముల్లు దిగింది. అప్పుడే లోకో పైలట్‌గారు, బండి బ్రేకులు సరిగా ఉన్నాయని తెలిపే బ్రేకు పవర్ సర్టిఫికెట్ మీద సంతకం చేశారు.

తరువాతి స్టేషను ముందు పసుపు సిగ్నలు కనబడగానే ఆయన ఒత్తిడిని కొద్దిగా తగ్గించారు. ప్రయాణికుల బండిలో 3 నుంచి 5 సెకన్లలో నిండే సిలిండరు, గూడ్సులో వ్యాగన్లు ఒకదాన్నొకటి గుద్దుకోకుండా 18 నుంచి 30 సెకన్లు తీసుకుంటుంది. మొదట ఏమీ జరగనట్టే ఉండి, తరువాత వెనక నుంచి బరువంతా పట్టి లాగినట్టయింది. ఎర్ర సిగ్నలుకు చాలా ఇవతలే బండి నిలిచింది.