గేటు మోటారుకి సోలారా, కరెంటు తీగా?

తోట గేటుకి మోటారు పెట్టించాలనుకునేవాళ్లు మొదట అడిగే ప్రశ్న ఒకటే: "రోజుకి ఎన్నిసార్లు తెరిచినా సోలార్ తట్టుకుంటుందా?" నిజానికి తెరవడానికి, మూయడానికి పోయే కరెంటు చాలా తక్కువ. బ్యాటరీని తినేసేది గేటు కదలకుండా ఉన్న సమయమే. రాత్రంతా రిమోట్ సిగ్నల్ కోసం మోటారు కంట్రోల్ బోర్డు మేలుకునే ఉంటుంది, ఫొటోసెల్స్ (దారిలో ఏదైనా అడ్డొస్తే పసిగట్టే కిరణపు సెన్సర్లు) వెలుగుతూనే ఉంటాయి.

లెక్క వేసి చూడండి. 300 కిలోల స్లైడింగ్ గేటు, 24 వోల్టుల డీసీ మోటారు అనుకుందాం. కదిలేటప్పుడు 6 ఆంపియర్లు తీసుకుంటే 144 వాట్లు. ఒక చివరి నుంచి ఇంకో చివరికి 20 సెకన్లు. అంటే ఒకసారికి 0.8 వాట్-అవర్, తెరిచి మూస్తే 1.6. రోజుకి 20 సార్లు తెరిచి మూసినా 32 వాట్-అవర్లే. ఇక బోర్డు, ఒక జత ఫొటోసెల్స్ కలిపి ఊరికే ఉన్నప్పుడు 90 మిల్లీ ఆంపియర్లు లాగుతున్నాయనుకుంటే, 24 గంటలకి 52 వాట్-అవర్లు. పని చేసినందుకు 32, కాపలా కాసినందుకు 52!

అందుకే మోటారు కొనేముందు గుర్రపు బలం, గేటు బరువు అడిగి ఊరుకోకండి. స్టాండ్‌బైలో, అంటే ఊరికే ఉన్నప్పుడు, ఎన్ని మిల్లీ ఆంపియర్లో అడగండి. చెప్పలేకపోతే కొలిచి చూపించమనండి. బ్యాటరీ ప్లస్ తీగ విప్పి, మధ్యలో మల్టీమీటరు పెడితే సరి. మీటరు తీగని 10 ఆంపియర్ల రంధ్రంలోనే పెట్టాలి. మిల్లీ ఆంపియర్ల రంధ్రంలో పెడితే, బోర్డుకి కరెంటు అందిన క్షణంలో వచ్చే ఉరుకుకే మీటరు లోపలి ఫ్యూజు పోతుంది. కొలుస్తున్నంతసేపూ రిమోట్ నొక్కకండి.

చాలా బోర్డుల్లో గేటు కదిలేటప్పుడు మాత్రమే కరెంటు ఇచ్చే టెర్మినల్ ఒకటి ఉంటుంది. ఫొటోసెల్స్ సప్లైని అక్కడికి మార్చితే 90 మిల్లీ ఆంపియర్లు 30కి దిగొచ్చు. అంటే రోజుకి 35 వాట్-అవర్లు మిగులు. ఒక్క తీగ మార్చినందుకు 20 సార్లు గేటు తెరిచి మూసేంత కరెంటు మిగిలిందన్నమాట. బ్యాటరీ ఆదా అని ఫొటోసెల్స్ తీసేయడం మాత్రం తప్పు. గేటు దారిలో పిల్లలు, పశువులు తిరుగుతుంటారు.

అదే బ్యాటరీకి 5 వాట్ల సీసీ కెమెరా తగిలించారా, రోజుకి 120 వాట్-అవర్లు పోతాయి. గేటు మొత్తం వాడకం కంటే ఎక్కువ. కెమెరాకి వేరే ప్యానెల్, వేరే బ్యాటరీ పెట్టుకోండి.

సోలార్ సైజు ఎండని చూసి కట్టకూడదు, ముసురుని చూసి కట్టాలి. పైన తీగ మార్చకముందు లెక్క రోజుకి 84 వాట్-అవర్లు. మూడు రోజులు ముసురు పట్టిందంటే 252. లెడ్ బ్యాటరీని సగానికి మించి వాడితే త్వరగా చస్తుంది కాబట్టి దానికి రెట్టింపు, సుమారు 500 వాట్-అవర్లు కావాలి. 24 వోల్టులకి 21 ఆంపియర్-అవర్లు. బజారులో 12 వోల్టుల 26 ఆంపియర్-అవర్ల బ్యాటరీలు రెండు సీరీస్‌లో కలిపితే సరిపోతుంది. మోటారుతో పాటు వచ్చే 7 ఆంపియర్-అవర్ల చిన్న బ్యాటరీలు కరెంటు పోయినప్పుడు ఆదుకోవడానికే, సోలార్‌కి చాలవు. ప్యానెల్ విషయానికొస్తే ఎండాకాలంలో 30 వాట్లదైనా నెట్టుకొస్తుంది. కానీ ముసురులో ఖాళీ అయిన బ్యాటరీ మళ్లీ నిండాలంటే 100 వాట్లు ఉండాలి. 12 వోల్టుల 50 వాట్ల ప్యానెళ్లు రెండు సీరీస్‌లో, దక్షిణానికి తిప్పి, 15 నుంచి 20 డిగ్రీల వాలుతో బిగించండి.

గేటు పక్కన మామిడి చెట్టో వేప చెట్టో ఉంటే అక్కడే ఆగి ఆలోచించాలి. ప్యానెల్‌లో సెల్స్ ఒకదాని వెనక ఒకటి కలిపి ఉంటాయి. ఒక మూల మీద కొమ్మ నీడ పడితే పోయేది ఆ మూల కరెంటు ఒక్కటే కాదు, ప్యానెల్‌లో చాలా భాగం పడిపోతుంది. పొద్దున ఎనిమిదికి, మధ్యాహ్నం, సాయంత్రం నాలుగుకి నీడ ఎక్కడ పడుతోందో డిసెంబరులో కూడా చూడండి. అప్పుడు సూర్యుడు దక్షిణంగా వంగి ఉంటాడు, నీడలు పొడుగు.

రోహిణి కార్తె ఎండలో ఇనుప డబ్బాలో పెట్టిన బ్యాటరీ ఉడికిపోతుంది. 25 డిగ్రీల పైన ప్రతి 10 డిగ్రీలకీ లెడ్ బ్యాటరీ ఆయుష్షు దాదాపు సగమవుతుంది. డబ్బాని గోడకి ఉత్తరం వైపు, నీడలో, కింద పైన గాలి ఆడే జాలీలతో పెట్టించండి. తీగలు దూరే రంధ్రాలకి గ్లాండ్లు (తీగ చుట్టూ బిగుసుకునే మూతలు) వేయకపోతే చీమలు, బల్లులు బోర్డు మీదికి చేరి షార్ట్ చేస్తాయి. లిథియం ఫాస్ఫేట్ బ్యాటరీ అయితే ఎండని ఇంకాస్త ఓర్చుకుంటుంది. దాని బీఎంఎస్ (బ్యాటరీ లోపలుండే రక్షణ సర్క్యూటు) మోటారు స్టార్టింగ్ కరెంటుని, అంటే 15, 20 ఆంపియర్లని, తట్టుకునేదై ఉండాలి. లేకపోతే రిమోట్ నొక్కగానే బ్యాటరీ ఆఫ్ అయిపోతుంది. చార్జ్ కంట్రోలర్ (ప్యానెల్‌కీ బ్యాటరీకీ మధ్య ఉండే పెట్టె) లోడ్ టెర్మినల్‌కి మోటారు కలిపినా ఇదే గోల. మోటారు తీగ ఫ్యూజు ద్వారా నేరుగా బ్యాటరీకే వెళ్లాలి.

కరెంటు తీగ సంగతికొస్తే, స్టాండ్‌బై దిగులే లేదు. బోర్డు 5 వాట్లు తిన్నా నెలకి నాలుగు యూనిట్లు కూడా కావు. ఖర్చంతా కందకంలోనే. రెండున్నర అడుగుల లోతు తవ్వి, ఇసుక పరిచి, మూడు కోర్ల ఆర్మర్డ్ (ఇనుప తొడుగున్న) కాపర్ కేబుల్ వేసి, పైన మళ్లీ ఇసుక, ఇటుకలు. 230 వోల్టుల మోటారు స్టార్టింగ్‌లో 8 ఆంపియర్లు లాగితే 100 మీటర్ల దూరంలో 1.5 చదరపు మిల్లీమీటర్ల తీగలో 19 వోల్టులు పడిపోతాయి, 2.5లో 12. అంత దూరానికి 2.5కి తగ్గకండి. ఇంటి దగ్గర ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి 24 వోల్టులని గేటుదాకా లాగాలనే ఆలోచన అసలొద్దు. 6 ఆంపియర్లకే అదే 2.5 తీగలో 9 వోల్టులు దారిలోనే పోతాయి. ఇంటి దగ్గర 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సప్లై ఆపేసే స్విచ్చు), గేటు దగ్గర విడిగా ఎర్త్ రాడ్డు, సర్జ్ ప్రొటెక్టర్ తప్పనిసరి. పొడవాటి కేబుల్ పిడుగుల కాలంలో సర్జ్‌ని, అంటే ఒక్కసారిగా ఎగిసే వోల్టేజీని, మోసుకొచ్చి బోర్డుని కాల్చేస్తుంది.

బోరు మోటారు స్టార్టరు దగ్గర్నుంచి గేటుకి తీగ లాగడం చాలామంది చేస్తారు. చేయకండి. వ్యవసాయ కనెక్షన్‌ని వేరే పనికి వాడటం 2003 విద్యుత్ చట్టం 126వ సెక్షన్ కింద అనధికార వాడకం, రెట్టింపు రేటుతో వసూలు చేస్తారు. పైగా పగటిపూట 9 గంటలే ఇచ్చే ఫీడరైతే రాత్రి గేటుకి కరెంటే ఉండదు.

నన్నడిగితే, మీటరు నుంచి గేటుదాకా 30 మీటర్లలోపైతే తీగే. 100 దాటితే సోలార్. మధ్యలో ఉంటే దారిలో ఏముందో చూడాలి. మట్టి దారైతే తవ్వించవచ్చు, సీసీ రోడ్డు పగలగొట్టాల్సి వస్తే సోలారే నయం. ఏది ఎంచుకున్నా మోటారు మాత్రం 24 వోల్టుల డీసీదే కొనండి. ఇవాళ తీగతో చార్జ్ అయ్యే బ్యాటరీ రేపు ప్యానెల్‌తోనూ చార్జ్ అవుతుంది. 230 వోల్టుల మోటారుకి సోలార్ పెట్టాలంటే ఇన్వర్టరు కావాలి. అది రాత్రంతా ఆన్‌లో ఉండటానికే 10, 15 వాట్లు తింటుంది.

బిగించాక నెలకోసారి తెల్లవారుజామున, ఎండ తగలకముందు, లెడ్ బ్యాటరీ వోల్టేజీ చూడండి. ఊరికే ఉన్నప్పుడు 25 పైన ఉంటే నిశ్చింత. 24.4 దగ్గరుంటే సగానికొచ్చింది. గేటు కదులుతుండగా 22 కిందికి జారితే బ్యాటరీ అలసిపోయినట్టే, లేదా గేటు బరువుగా నడుస్తోంది. మోటారుని తాళంతో విడదీసి, సామాన్లు తూచే స్ప్రింగు కాటాతో గేటుని లాగి చూడండి. 300 కిలోల గేటు 10 కిలోల లాగుడుకే కదలాలి. కదలకపోతే ప్యానెల్ పెంచడం కాదు, పట్టాలో మట్టి తీసి చక్రాల బేరింగులు మార్పించాలి.