కంచెకి ఏ పక్క? ఇంగ్లీషులో ఫెన్స్ మాటలు వాడే తీరు

ఫెన్స్ అంటే కంచె అని తెలిసినంత మాత్రాన ఇంగ్లీషులోని కంచె మాటలు పట్టుబడవు. ఫెన్స్ ఇన్, ఫెన్స్ ఆఫ్, ఫెన్స్ అవుట్ మూడింటికీ 'కంచె వేయు' అనే అర్థం రాసుకుంటే రాసేటప్పుడు తడబాటు తప్పదు. ఇక్కడ అసలు పనంతా చివరి చిన్న మాటదే. కంచె ఎవరిని ఆపడానికి వేశారో చెప్పేది అదే.

మేకల్ని ఫెన్స్ ఇన్ చేస్తారు. లోపలున్నవి బయటికి పోకూడదు. పాడుబడ్డ బావిని ఫెన్స్ ఆఫ్ చేస్తారు. జనం అటు పోకూడదు, ఆ చోటు మిగతా స్థలం నుంచి విడిగా ఉండాలి. జింకల్ని ఫెన్స్ అవుట్ చేస్తారు. అవి చేలోకి రాకూడదు. ఈ మూడింటి తర్వాత ఏ కర్మ వస్తుందో చూడండి. ఇన్‌తో పశువైనా, స్థలమైనా రావచ్చు. ఆఫ్‌తో స్థలమే రావాలి. అవుట్‌తో రానివ్వకూడని ప్రాణి వస్తుంది. 'దే ఫెన్స్‌డ్ ఆఫ్ ద గోట్స్' అంటే వినేవాళ్లకి ఏదో తేడాగా తగులుతుంది. మేకల్ని ఒక చోట ఉంచారనే ఉద్దేశమైతే అక్కడ ఇన్ ఉండాలి.

అమెరికా పశ్చిమ ప్రాంతంలో ఈ తేడా చట్టం దాకా వెళ్లింది. ఓపెన్ రేంజ్ అమల్లో ఉన్న చోట పశువుల యజమాని వాటిని కట్టడి చేయనక్కర్లేదు. వాటి బెడద వద్దనుకున్న భూమి యజమానే కంచె వేసుకోవాలి. దాన్ని ఫెన్స్ అవుట్ పద్ధతి అంటారు. పశువుల యజమానిదే బాధ్యత అయితే అది ఫెన్స్ ఇన్. చివరి మాట ఒక్కటి మారితే కంచె ఖర్చు ఒకరి నెత్తి మీంచి ఇంకొకరి నెత్తి మీదకి మారుతుంది.

మాటల వరసలోనూ ఒక మెలిక ఉంది. నామవాచకమైతే రెండు చోట్లా ఇముడుతుంది: 'ఫెన్స్ ఆఫ్ ద వెల్', 'ఫెన్స్ ద వెల్ ఆఫ్' రెండూ సరే. సర్వనామమైతే నడుమనే రావాలి: 'ఫెన్స్ ఇట్ ఆఫ్'. 'ఫెన్స్ ఆఫ్ ఇట్' తప్పు. పలికేటప్పుడు బరువు ఇట్ మీద కాదు, ఆఫ్ మీద పడుతుంది. భూతకాలంలో చివరి డి శబ్దం ట లాగా వినబడుతుంది, 'ఫెన్స్ట్' అని, ఒక్క అక్షరంగా. 'ఫెన్సెడ్' అని రెండుగా విడగొట్టడం మనవాళ్లలో బాగా పాతుకుపోయిన అలవాటు.

ఆఫ్‌తో పెద్ద కుటుంబమే ఉంది. అడ్డంగా ఏది పెట్టారో దాన్నిబట్టి ముందు మాట మారుతుంది. తాడు కడితే రోప్ ఆఫ్, కమ్మీలు పెడితే రెయిల్ ఆఫ్, గోడ కడితే వాల్ ఆఫ్. పోలీసులు ప్రమాదం జరిగిన చోటుని చుట్టుముట్టి ఎవరినీ రానివ్వకపోతే కార్డన్ ఆఫ్. వాల్ అప్ మాత్రం వేరు: ఉన్న కిటికీనో ద్వారాన్నో ఇటుకలతో మూసేయడం.

మనిషి మనసు గురించి చెప్పాలంటే ఇన్, అప్ కావాలి, అదీ ఎక్కువగా కర్మణి ప్రయోగంలో. 'ఐ ఫీల్ ఫెన్స్‌డ్ ఇన్' అంటే నియమాలో, బాధ్యతలో చుట్టూ బిగిసి ఊపిరాడడం లేదని. హెమ్ అంటే బట్ట అంచు మడిచి కుట్టినది. హెమ్‌డ్ ఇన్ అంటే చుట్టూ ఉన్నవి మూసుకొచ్చి కదలనివ్వడం లేదని. కారుకి ముందూ వెనకా వేరే బళ్లు ఆపేసి తీయలేకుండా చేస్తే బాక్స్‌డ్ ఇన్. రోజుల తరబడి ఇల్లు కదలకుండా ఉంటే కూప్‌డ్ అప్. కూప్ అంటే కోళ్ల గూడు.

పెన్ అంటే దొడ్డి. రాసే పెన్నుకీ దీనికీ చుట్టరికం లేదు, రాసే పెన్ను ఈక అన్న అర్థమున్న లాటిన్ మాట నుంచి వచ్చింది. గొర్రెల్ని పెన్ అప్ చేస్తారు. ఈ క్రియకి ఒకప్పటి భూతకాల రూపమే పెంట్. అందుకే పెంట్-అప్ యాంగర్ అంటే ఎన్నాళ్లుగానో లోపల దొడ్డిలో పెట్టిన కోపం. కోపం, నిరాశ, శక్తి, గిరాకీ, అంటే తలుపు తీయగానే ఒక్కసారిగా బయటపడేవాటితోనే పెంట్-అప్ బాగా అతుకుతుంది. పౌండ్ మన బందెలదొడ్డి. ఇంపౌండ్ అంటే ఒకప్పుడు దారితప్పిన పశువుని అందులో పెట్టడం. ఇప్పుడు తప్పుగా ఆపిన వాహనాన్ని అధికారులు పట్టుకెళ్లడానికీ అదే మాట.

ఇక అన్నిటికన్నా ఎక్కువ పొరపాట్లు జరిగేది సిట్ ఆన్ ద ఫెన్స్ దగ్గర. చాలామంది దాన్ని గోడ మీద పిల్లితో సమానం చేసేస్తారు. కానీ మన పిల్లి లాభం ఎటుంటే అటు దూకడానికి సిద్ధంగా ఉంటుంది, ఆ మాటలో స్పష్టమైన నింద ఉంది. ఇంగ్లీషు కంచె మీద కూర్చున్నవాడు ఏ పక్కా చేరకుండా ఉన్నాడంతే. క్రియ మారితే ఆ నింద పాలూ మారుతుంది. 'ఐయామ్ ఆన్ ద ఫెన్స్ అబౌట్ ద జాబ్' అని మన గురించి మనమే నిశ్చింతగా చెప్పుకోవచ్చు, ఇంకా తేల్చుకోలేదని అర్థం. 'హి ఈజ్ సిటింగ్ ఆన్ ద ఫెన్స్' అంటే తేల్చి చెప్పాల్సిన వేళ తప్పించుకుంటున్నాడని చిన్న దెప్పు. రెండింట్లోనూ 'ద' తీయకూడదు, దాన్ని 'ఎ' చేయకూడదు, చేస్తే నిజం కంచె అయిపోతుంది. ఏ విషయంలోనో చెప్పాలంటే అబౌట్. మనసు తేల్చుకుంటే కమ్ ఆఫ్ ద ఫెన్స్, గట్టిగా చెప్పాలంటే గెట్ ఆఫ్ ద ఫెన్స్.

గోడ మీద పిల్లికి దగ్గరగా వచ్చే మాట ఇంగ్లీషులో వేరే ఉంది: 'వెయిట్ టు సీ విచ్ వే ద క్యాట్ జంప్స్'. కాస్త పాతబడినా చక్కని మాట. అయితే అక్కడ పిల్లి మనిషి కాదు, పరిస్థితి. అది ఎటు దూకుతుందో చూసి మనిషి కదులుతాడు.

మెండ్ ఫెన్సెస్‌కి ఏక వచనం పనికిరాదు, ద కూడా రాదు. 'మెండ్ ద ఫెన్స్' అంటే సుత్తి పట్టుకుని వెళ్లాలి. 'మెండ్ ఫెన్సెస్ విత్ హర్ బ్రదర్' అంటే తమ్ముడితో చెడిన సంబంధం చక్కబెట్టుకోవడం. మెండ్ హర్ ఫెన్సెస్ అన్నా చెల్లుతుంది. అమెరికా రాజకీయాల్లో దీని తొలి వాడుక ఇంకోలా ఉండేది. 1879లో అక్కడి ఖజానా మంత్రి జాన్ షెర్మన్ ఒహైయో వెళ్లి, తన కంచెలు చూసుకోవడానికి వచ్చానన్నాడు. సొంత రాష్ట్రంలో మద్దతు పోగేసుకోవడానికే వచ్చాడని పత్రికలు అర్థం తీశాయి. సయోధ్య అనే ఇప్పటి అర్థం తర్వాత స్థిరపడింది.

హెడ్జ్ అంటే మొక్కలతో పెంచిన కంచె. దాన్నే క్రియగా ఒంటరిగా వాడితే సూటిగా జవాబివ్వకుండా నసగడం. హెడ్జ్ యువర్ బెట్స్ అంటే నష్టం రాకుండా రెండు వైపులా కాయడం, బెట్స్ ఎప్పుడూ బహువచనమే. హెడ్జ్ అగైనెస్ట్ ఇన్‌ఫ్లేషన్ అంటే ధరల పెరుగుదల నుంచి కాపు. హెడ్జ్‌డ్ అబౌట్ విత్ కండిషన్స్ అంటే మాట ఇచ్చారు గానీ చుట్టూ షరతుల ముళ్లకంప వేశారని.

బియాండ్ ద పేల్‌లో పేల్ అంటే పాతిన గుంజ, దాంతో కట్టిన హద్దు. పాలిపోయిన రంగుకీ, బాల్చీకీ ఉచ్చారణ ఇదే కావడంతో ఇంగ్లీషువాళ్లే బాల్చీ స్పెల్లింగ్ రాసేస్తుంటారు. మధ్యయుగాల చివర డబ్లిన్ చుట్టూ ఇంగ్లీషు పాలనలో ఉన్న ప్రాంతాన్ని ద పేల్ అనేవారు, జాతీయం అక్కడే పుట్టిందని చాలాచోట్ల రాస్తారు. పేల్‌కి హద్దు అన్న అర్థం విడిగానే ఉంది కాబట్టి ఆ కథ మీద ఆధారపడనక్కర్లేదు. వాడేటప్పుడు గుర్తుంచుకోవాల్సింది వేరు: ఇది మన వెలివేతలా శిక్ష కాదు, సహించలేని ప్రవర్తన గురించిన తీర్పు. 'హిజ్ రిమార్క్స్ వర్ బియాండ్ ద పేల్' అన్నట్టు మాటలకీ, చేతలకీ అన్వయిస్తుంది. చిన్న తప్పులకి ఇది మరీ బరువైన మాట.

రింగ్-ఫెన్స్ బ్రిటన్ కార్యాలయాల మాట. ఒక పద్దుకి కేటాయించిన డబ్బుని ఇంకోదానికి మళ్లించకుండా కట్టడి చేయడం. అక్కడ 2013 నాటి చట్టం ప్రకారం పెద్ద బ్యాంకులు మామూలు ఖాతాదారుల సేవల్ని పెట్టుబడి వ్యాపారం నుంచి వేరు చేయాల్సి వచ్చింది, 2019 జనవరి 1 నుంచి అమలైంది. దాని పేరే రింగ్-ఫెన్సింగ్. ఇందులో ఇన్, ఆఫ్ ఏవీ అక్కర్లేదు.

నేర వార్తల్లో 'హి వజ్ ఎ ఫెన్స్' కనిపిస్తే కంగారు పడకండి. దొంగ సొత్తు కొని అమ్మేవాడు. ఫెన్స్ విత్ రిపోర్టర్స్ అంటే విలేకరుల ప్రశ్నల్ని కత్తిసాములో లాగా తప్పించడం. కంచె, కత్తిసాము, దొంగ సొత్తు వ్యాపారి, మూడింటికీ మూలం డిఫెన్స్ అనే మాటే. రష్ యువర్ ఫెన్సెస్ గుర్రపు స్వారీ నుంచి వచ్చింది, తొందరపడి పని చెడగొట్టుకోవడం, బ్రిటన్‌లోనే ఎక్కువ. స్వింగ్ ఫర్ ద ఫెన్సెస్ బేస్‌బాల్ మాట, బంతిని మైదానం చివరి కంచె దాటించాలని శక్తికొద్దీ కొట్టడం, అమెరికాలోనే ఎక్కువ. మొదటిది తప్పు పట్టడానికి వాడతారు. రెండోది సందర్భాన్నిబట్టి మెచ్చుకోలూ కావచ్చు, హెచ్చరికా కావచ్చు.