డబ్లిన్ నుంచి పారిస్: గంటా ముప్పావు విమానానికి పడ్డ పాట్లు

డబ్లిన్ నుంచి పారిస్‌కు ఆకాశమార్గంలో సుమారు 780 కిలోమీటర్లు. విమానంలో కూర్చునేది మహా అయితే గంటా ముప్పావు. పారిస్ గడియారం ఒక గంట ముందుంటుంది కాబట్టి టికెట్ మీద వెళ్ళేటప్పుడు దాదాపు మూడు గంటలు, వచ్చేటప్పుడు ముప్పావు గంట కనిపిస్తుంది. అసలు టెన్షన్ విమానం ఎక్కకముందే ఉంటుంది. నిన్న రాత్రే అనుభవించి వచ్చాను, ఇంకా ఒళ్ళు మండుతూనే ఉంది.

ఒకే వీసాతో తిరగగలిగే ఐరోపా దేశాల కూటమి షెంగెన్‌లో ఐర్లాండ్ లేదు. ఇక్కడ ఉద్యోగం చేస్తున్నా మన పాస్‌పోర్టుకు ఫ్రాన్స్ వీసా తప్పదు. 30,000 యూరోల ఇన్సూరెన్స్, బ్యాంక్ స్టేట్‌మెంట్లు, ఆఫీసు లెటర్ నేనూ మా ఆవిడా ఇచ్చాం, వీసా వచ్చేసింది. వెళ్ళేటప్పుడు సెక్యూరిటీకి ముందే వీసా చెక్ కౌంటర్లో కాగితాలు చూపించాం. దిగింది బొవే ఎయిర్‌పోర్టులో. పేరుకే పారిస్, ఊరికి 85 కిలోమీటర్లు.

తిరుగు ప్రయాణంలో గేటు దగ్గర అమ్మాయి నా పాస్‌పోర్టు తిరగేసి, పాత ఐరిష్ వీసా స్టిక్కర్‌లో గడువు తేదీ కింద బొటనవేలి గోరు ఆనించి, "ఇది అయిపోయింది, మిమ్మల్ని పంపలేం" అంది. ఆ వీసా ఐర్లాండ్‌లో మొదటిసారి అడుగుపెట్టడానికి ఇచ్చేది. ఆ తర్వాత చూపాల్సింది ఐఆర్‌పీ కార్డు, అంటే ఐర్లాండ్‌లో ఉండటానికి ఇచ్చే నివాస అనుమతి కార్డు. తిరిగి రావడానికి విడిగా రీ-ఎంట్రీ వీసా తీసుకోవాలన్న నిబంధనను 2019 మే 13 నుంచే ఎత్తేశారు. గడువున్న కార్డులు చేతికిచ్చి ఇదంతా చెప్పాను. వాటిని అటూ ఇటూ తిప్పి కౌంటర్ మీద పడేసి, "పక్కకు నిలబడండి" అంది.

నిలబడ్డాం. వెనకాల ఉన్నవాళ్ళంతా, మేమేదో దొంగ కాగితాలతో దొరికినట్టు చూస్తూ మమ్మల్ని దాటి వెళ్ళారు. మా ఆవిడ కళ్ళలో నీళ్ళు. "విమానం వెళ్ళిపోతే ఎలాగండీ?" అంటోంది. సరైన కాగితాలు లేనివాళ్ళను ఎక్కించుకుంటే విమాన సంస్థకే జరిమానా పడుతుంది, వెనక్కి తెచ్చే భారమూ వాళ్ళదే. ఆ భయం నాకూ అర్థమవుతుంది. కానీ డబ్లిన్‌కు జనాన్ని ఎక్కించేవాళ్ళకు ఐర్లాండ్ నిబంధన తెలియకపోతే ఎలా? ఆ కార్డేమిటో తెలియని మనిషిని గేటు దగ్గర కూర్చోబెట్టడం ఏం పద్ధతి?

నేను గొంతు పెంచలేదు. ఐరిష్ ఇమిగ్రేషన్ వారి వెబ్‌సైటులో ఉన్న ఆ నిబంధన పేజీని ముందే ప్రింటు తీసి ఉంచుకున్నాను. మా వాళ్ళందరికీ వీసా సందేహాలు తీర్చేది నేనే, నాకు ఆ మాత్రం జాగ్రత్త ఉంది. కాగితం ఆమె ముందు పెట్టి, సూపర్‌వైజర్ వచ్చేదాకా కదలనన్నాను. ఆయన వచ్చి కార్డులు చూసిన వెంటనే వెళ్ళమన్నాడు. ఆమె నోట సారీ అన్న మాట రాలేదు.

డబ్లిన్‌లో ఇమిగ్రేషన్ ఆఫీసర్ పాత వీసా పేజీ తెరవనే లేదు.

మాస్టర్స్‌కు వచ్చిన మన పిల్లలకు చెబుతున్నా: ఆ పేజీ ప్రింటు పాస్‌పోర్టులోనే పెట్టుకోండి, ఫోన్‌లో చూపిస్తే పట్టించుకోరు. గేటుకు అందరికంటే ముందు చేరండి. కాస్త డబ్బు ఎక్కువైనా పారిస్ పెద్ద ఎయిర్‌పోర్టు చార్లెస్ డి గాల్‌కే టికెట్ తీసుకోండి. అక్కడి నుంచి ఊళ్ళోకి 25 కిలోమీటర్లే, ఆర్‌ఈఆర్ అనే లోకల్ రైలు ఉంది. ఆ సంస్థ విమానం మాత్రం నేనిక ఎక్కను.