బొటనవేలి కింద దాగిన బాణం

‘డెడ్ సెల్స్’ అనే వీడియో గేమ్‌ను నేను రెండుసార్లు కొన్నాను. మొదట బటన్లున్న గేమ్ యంత్రమైన నింటెండో స్విచ్ మీద ఆడి, చాలాకాలం తరువాత అదే ఆటను ఆండ్రాయిడ్ ఫోనులో మొదలుపెట్టాను. ఆ తరువాత దీనిపై గతంలో చదివిన సమీక్షలను తిరగేస్తే ఒక లోటు కనిపించింది. వాటిలో ఎక్కువ భాగం ఆటను శ్రద్ధగానే తూచాయి గాని, అది ఏ పరికరం మీద ఎలా చేతికి వస్తుందన్న సంగతిని చివర్లో ఒక్క వాక్యంతో సరిపెట్టాయి.

ఫ్రాన్సులోని బోర్డో నగరంలో అందరికీ సమాన వేతనంతో సహకార సంఘంగా నడిచిన మోషన్ ట్విన్ సంస్థ ఈ ఆటను 2018 ఆగస్టులో పూర్తి రూపంలో విడుదల చేసింది. తల లేని ఒక ఖైదీ ద్వీపం నుంచి బయటపడాలని చూస్తాడు. చచ్చిన ప్రతిసారీ మొదటి చెరసాలకే తిరిగి వస్తాడు. శత్రువులను చంపి పోగుచేసిన ‘సెల్స్’ను ఆ ప్రాంతం దాటాక ‘కలెక్టర్’ అనే పాత్రకు అప్పగిస్తే శాశ్వతమైన మెరుగుదల దక్కుతుంది, ఈలోగా చస్తే చేతిలో ఉన్నవన్నీ పోతాయి. అందువల్ల ఇక్కడ ప్రతి దెబ్బకూ ఒక ఖరీదు ఉంటుంది, ఆ దెబ్బ ఎవరి తప్పు వల్ల తగిలిందన్నది ముఖ్యమవుతుంది.

స్విచ్ మీద ఆ తప్పు దాదాపు ఎప్పుడూ నాదే. నల్ల వంతెన మీద కాపు కాసే కన్సియర్జ్ అనే పెద్ద శత్రువు గాలిలోకి లేచి మీద పడబోయే క్షణంలో బటన్ నొక్కి అతని కింది నుంచి దొర్లిపోవాలి. తొందరపడినా ఆలస్యం చేసినా ప్రాణం సగమవుతుంది. ఓడినా, ఎక్కడ పొరపాటు చేశానో వేలికి తెలుస్తుంది. తెర మీద పేలుళ్లు ఎక్కువైనప్పుడు దృశ్యం కాస్త తడబడేది గాని, నా ఓటమిని దాని మీదకు నెట్టడం న్యాయం కాదు.

ఫోను సంగతి వేరు. ప్లేడిజియస్ సంస్థ ఈ ఆటను 2019లో ఐఫోనుకు, 2020లో ఆండ్రాయిడ్‌కు తెచ్చింది. ఒకసారి కొనుక్కుంటే ప్రకటనల బెడద లేదు; మొబైల్ ఆటల్లో ఈ మర్యాద అరుదు. బటన్లను మనకు నచ్చిన చోటికి జరుపుకోవచ్చు, పెద్దవి చేసుకోవచ్చు. అయినా అద్దం మీద గీసిన బటన్‌కు అంచు ఉండదు. మొదటి చెరసాలలోనే ఒక విలుకాడు కుడి మూల నుంచి బాణం వదిలాడు. సరిగ్గా ఆ మూలనే నా బొటనవేలు కప్పేసి ఉంది. బాణం తగిలాకే దాన్ని చూశాను.

ఈ ఇబ్బందికి విరుగుడుగా పెట్టిన ‘ఆటో-హిట్’ గురించే సమీక్షకులు ఇంకా వివరంగా రాయవలసింది. శత్రువు దగ్గరపడగానే పాత్ర తనంతట తానే కొడుతుంది. వేగంగా తిరిగే కత్తితో ఇది హాయిగా ఉంటుంది. కాని బరువైన ఖడ్గాన్ని ఎప్పుడు ఎత్తాలో, ఎప్పుడు వెనక్కి తగ్గాలో తేల్చుకోవడమే ఈ ఆటలోని అసలు రుచి. ఆ నిర్ణయాన్ని యంత్రానికి అప్పగిస్తే మిగిలేది పరుగు మాత్రమే. కొత్తవారికి అది మేలైన ఏర్పాటేనని ఒప్పుకుంటాను. కాని అది పెట్టుకుని ఆడి రాసిన సమీక్ష మరో ఆటకు రాసిన సమీక్ష కిందే లెక్క.

ప్రసంగవశాత్తు ఒక మాట. ఈ ఆట విడుదలైనప్పుడు ఆటల వార్తల వెబ్‌సైట్ ఐజీఎన్ ప్రచురించిన సమీక్ష ఒక యూట్యూబర్ వీడియోను పోలి ఉందని బయటపడి, ఆ సంస్థ దాన్ని తొలగించి వేరొకరితో మళ్లీ రాయించింది. ఇతరుల మాటలను ఎత్తి రాసుకోవచ్చు గాని, ఇతరుల వేళ్లతో ఓడిపోవడం ఎవరికీ సాధ్యం కాదు.

అంకెల్లో చెప్పమంటే స్విచ్ ప్రతికి పదికి తొమ్మిది, బ్లూటూత్ కంట్రోలర్ తగిలించిన ఫోనుకు ఎనిమిదిన్నర, ఒట్టి తెరకు ఏడు ఇస్తాను. ఆ ఏడు మార్కుల ఆటనే ఇప్పుడు ఎక్కువగా ఆడుతున్నాను, ఎందుకంటే జేబులో ఉండేది అదే. ఆటో-హిట్ ఆపేశాను, దొర్లే బటన్‌ను మూల నుంచి కాస్త లోపలికి జరిపాను. విలుకాడి బాణం ఇప్పుడు కనిపిస్తోంది. కన్సియర్జ్ మాత్రం ఇంకా లొంగలేదు.