46 బల్బులు, 32 చోట్లు: స్మార్ట్ లైట్లతో నా అనుభవం

నిన్నటితో మా ఫ్లాట్‌లో లైట్లు ఒక దారికొచ్చాయి. ఒళ్ళు మంట ఇంకా తగ్గలేదు, అందుకే ఇప్పుడే రాసేస్తున్నా.

ఫాల్స్ సీలింగ్‌లో బిగించడం, యాప్‌లో ఒక్కొక్కటీ ఎక్కించడం పిల్లలైనా చేస్తారు. ఏడిపించింది లెక్క. మా ఇంటీరియర్ కాంట్రాక్టర్ పంపిన స్మార్ట్ హోమ్ ఆయన 46 డౌన్‌లైట్లూ వైఫై బల్బులే అని కొటేషన్ రాశాడు. "ఇన్ని ఒక్క రూటర్ మోస్తుందా?" అని ఆ రోజే అడిగా. "నెట్ స్పీడ్ 200 ఎంబీపీఎస్ కదా సార్, టెన్షన్ వద్దు" అన్నాడు. స్పీడ్‌కీ దీనికీ సంబంధమే లేదు. బల్బు వాడే డేటా చిటికెడు, కానీ రూటర్ దగ్గర దాని చోటు దానికి కావాల్సిందే.

మొదట 26 బల్బులు బాగానే ఎక్కాయి, ఆ తర్వాతది ఎంతకీ ఎక్కదు. బల్బులే డిఫెక్ట్ అని పెట్టెలు మార్చుకుంటూ పోయాడు. ఇంతలో గృహప్రవేశం వచ్చేసింది. చుట్టాలందరికీ వైఫై పాస్‌వర్డ్ ఇచ్చాం. సాయంత్రం కరెంటు పోయి వచ్చేసరికి వాళ్ళ ఫోన్లు ముందెక్కి కూర్చున్నాయి, బల్బులేమో ఫుల్ తెలుపులో వెలిగాయి. పసుపు వెలుగు కోసం ఫోన్‌లో నొక్కితే హాల్లో సగమే మారాయి. మా మామగారు పైకి చూసి, అందరి ముందూ, "ఏం అల్లుడుగారూ, షాపువాడు మిగిలిపోయినవి అంటగట్టాడా?" అన్నారు. నవ్వులే నవ్వులు. స్మార్ట్ హోమ్ ఆయనకి ఫోన్ చేస్తే, "గోడలు మందం సార్, ఎక్స్‌టెండర్ పెడదాం" అట!

ఆ రాత్రే రూటర్ సెట్టింగ్స్ తెరిచా. 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లో (వైఫై వాడే రేడియో తరంగాల్లో ఒక శ్రేణి) గరిష్ఠంగా 32 పరికరాలు అని రాసే ఉంది. ఈ బల్బులు ఆ బ్యాండ్‌లోనే పనిచేస్తాయి. రెండు కెమెరాలు, రెండు ఏసీలు, టీవీ, ప్రింటర్ అప్పటికే అందులో ఉన్నాయి. ఇంక మిగిలేవి 26 చోట్లే! ఫిలిప్స్ హ్యూ స్మార్ట్ లైట్లన్నిటినీ కలిపే హబ్ ఉంటుంది కదా, ఆ మామూలు బ్రిడ్జ్‌కైనా 50 లైట్ల వరకే అని ఆ కంపెనీయే చెబుతుంది. అడగండి, హబ్ అయినా రూటర్ అయినా ఎన్ని మోస్తుందో కాగితం మీద రాయించుకోండి.

అసలు సంగతి, ఆ 46 బల్బులకీ గోడ మీద ఉన్నవి 13 స్విచ్‌లే. బల్బుల బదులు స్విచ్‌లనే స్మార్ట్ చేస్తే సరిపోయేది. బల్బుకింత అని కమీషన్ వచ్చేవాడి నోట స్విచ్‌ల లెక్క ఎందుకొస్తుంది? టీవీ దగ్గరి ఆరు స్మార్ట్ బల్బులు ఉంచి, వాటి స్విచ్ ఎవరూ ఆపకుండా టేప్ వేశా. మిగతా చోట్ల మామూలు ఎల్ఈడీలు పెట్టి, స్విచ్‌బోర్డుల్లో 12 జిగ్‌బీ మాడ్యూళ్ళు (వైఫై కాకుండా జిగ్‌బీ అనే వేరే వైర్‌లెస్‌తో స్విచ్‌ని నడిపే చిన్న డబ్బాలు) పెట్టించా. న్యూట్రల్ వైరు (కరెంటు తిరిగి వెళ్ళే వైరు) కలిపే మాడ్యూలే తీసుకోండి, అది పక్కవాటికి సిగ్నల్ అందిస్తుంది. న్యూట్రల్ అక్కర్లేని రకం చాలావరకు అందించదు. మా బోర్డుల్లో న్యూట్రల్ లేక ఎలక్ట్రీషియన్ కొత్తగా లాగాడు, ఇల్లంతా దుమ్ము. జిగ్‌బీ కూడా ఆ 2.4 బ్యాండ్‌లోనే నడుస్తుంది కాబట్టి వైఫైని ఛానెల్ 1లో, జిగ్‌బీని 25లో పెట్టా, ఒకదానికొకటి అడ్డం రావట్లేదు.

తీసేసిన 40 బల్బులు అట్టపెట్టెలో ఉన్నాయి. వెనక్కి తీసుకోనని ఆయన, ఫైనల్ బిల్లు కట్టనని నేను.