ఆ రెండున్నర మిల్లీసెకన్లు

రాత్రి పదకొండున్నర. పొద్దున్నే కాల్ ఉంది. అయినా ఇది ఇక్కడ కక్కేస్తే గానీ నిద్ర పట్టేలా లేదు.

మధ్యాహ్నం మూడింటికి హాల్లో టీవీ ఇన్‌పుట్ లాగ్, అంటే సిగ్నల్ అందాక బొమ్మ తెర మీద వెలిగేదాకా పట్టే ఆలస్యం, కొలిస్తే 10.5 మిల్లీసెకన్లు వచ్చింది. రాత్రి తొమ్మిదింటికి మళ్ళీ కొలిస్తే 12.9. అదే టీవీ, అదే హెచ్‌డీఎంఐ పోర్టు, అదే గేమ్ మోడ్, అదే కొలిచే పెట్టె, తెర మీద అదే చోటు. రిమోట్ ముట్టుకోలేదని అత్తయ్య నేను అడక్కుండానే ఒట్టేశారు. తేడా 2.4. బుజ్జిగాడు ఆడే ఫైటింగ్ గేమ్‌లో ఒక ఫ్రేమ్ అంటే 16.67 మిల్లీసెకన్లు. అందులో ఏడో వంతు ఎవడి బొటనవేలికీ తెలియదు. ఆటకు అది లెక్కలోది కాదు. కానీ కొలిచే పెట్టె మధ్యాహ్నం ఒక మాట, రాత్రి ఒక మాట చెబితే నాకు తోచదు.

వాడు శనివారం పీజీ నుంచి దిగిన దగ్గర్నుంచీ ఒకటే గోల. "పిన్నీ, నేను టైముకే నొక్కా, టీవీయే లేటు. లాగ్."

ఈ లాగ్ అనే మాట వింటేనే నాకు చిరాకు. నెట్ నెమ్మదిస్తే లాగ్. ఆట ఫ్రేములు మింగేస్తే లాగ్. కదిలే బొమ్మ వెనక తోకలా నీడ పడితే అదీ లాగే. ఆ తోకకి కారణం పిక్సెల్ ఒక రంగు నుంచి ఇంకో రంగుకి మారడానికి పట్టే సమయం. షోరూముల్లో అట్టపెట్టె మీద '1 ఎంఎస్' అని అచ్చేసేది దాన్నే. ఇన్‌పుట్ లాగ్ వేరు. సిగ్నల్ కేబుల్లోంచి లోపలికి వచ్చాక, ఆ బొమ్మ తెర మీద వెలిగేదాకా టీవీ కడుపులో ఎంతసేపు కూర్చుందన్నది. నాయిస్ తగ్గించే లెక్కలు, బొమ్మ సైజు మార్చే స్కేలింగ్, తెరలో చోటుని బట్టి వెలుగు తగ్గించే లోకల్ డిమ్మింగ్ అన్నీ కాసేపు కూర్చోబెడతాయి. అందరికన్నా పెద్ద దొంగ మోషన్ స్మూతింగ్. రెండు ఫ్రేముల మధ్య లేని ఫ్రేమ్‌ని పుట్టించాలంటే, రెండోది చేతికొచ్చేదాకా మొదటిదాన్ని పట్టుకుని ఉండాలి కదా. గేమ్ మోడ్ అంటే ఈ పనులన్నీ వీలైనంత వరకూ మానేయడమే. మా టీవీ స్టాండర్డ్ మోడ్‌లో 60.5, గేమ్ మోడ్‌లో 10.5. ఏభై మిల్లీసెకన్లు, అంటే మూడు ఫ్రేములు పోయాయి.

అత్తయ్యకి గేమ్ మోడ్‌లో సీరియల్ వాళ్ళ మొహాలు పాలిపోయినట్టుంటాయి. మా టీవీలో పిక్చర్ మోడ్ ఏ పోర్టుకి ఆ పోర్టుకి విడిగా గుర్తుంటుంది కాబట్టి సెట్‌టాప్ బాక్స్ ఒకటో పోర్టులో స్టాండర్డ్, కన్సోల్ మూడో పోర్టులో గేమ్. 2017లో వచ్చిన హెచ్‌డీఎంఐ 2.1లో ఏఎల్ఎల్ఎం అని ఒకటుంది. ఆట మొదలవగానే కన్సోలే టీవీకి చెప్పి గేమ్ మోడ్ పెట్టించుకుంటుంది. మా టీవీలో ఆ పేరు మెనూలో ఉంది, పని మాత్రం చేసినప్పుడే చేస్తుంది.

ఇక అసలు ఒళ్ళు మండే సంగతి. ఈ మోడల్ లాగ్ ఎంత అని వెతికితే ఒకరు 3 అంటారు, ఒకరు 10 అంటారు, ఇంకొకరు 18 అంటారు. ముగ్గురూ నిజమే చెబుతున్నారు. ఎక్కడ కొలిచారో మాత్రం ఒక్కరూ చెప్పరు.

నేను ఆఫీసు నుంచి తెచ్చిన లియో బోడ్నార్ అనే లాగ్ కొలిచే పెట్టె తనే 1080పీ, 60 హెర్ట్జ్ (సెకనుకు 60 ఫ్రేములు) సిగ్నల్ పంపుతుంది. తెర మీద పైన, మధ్యన, కింద తెల్ల పట్టీలు మిణుకుతాయి. పెట్టెకున్న సెన్సర్‌ని పట్టీకి ఆనిస్తే, సిగ్నల్ బయల్దేరిన క్షణం నుంచి వెలుగు కనపడేదాకా లెక్కేసి అంకె చూపిస్తుంది. అయితే బొమ్మ ఒక్కసారిగా రాదు, పై గీత నుంచి కింది గీత దాకా వరసగా వస్తుంది. మొత్తం 1125 గీతల్లో కనిపించేవి 1080, అవి రావడానికే 16 మిల్లీసెకన్లు. అంటే లోపల ఏ ఆలస్యమూ లేని పాత డబ్బా టీవీ అయినా మధ్యలో కొలిస్తే 8 చూపిస్తుంది. మా టీవీకి పైన 3, మధ్యన 10.5, కింద 18. అమ్మేవాడు 3 అంటాడు, పక్క కంపెనీ అభిమాని 18 అంటాడు. చాలామంది మధ్యదే చెప్పుకుంటారు, నేనూ అంతే. కానీ ఆ 10.5లో 8 టీవీ పాపం కాదు.

పై అంకెకీ కింది అంకెకీ తేడా చూడటం ఇంకా బాగుంటుంది. 15 దాకా వస్తే ప్యానెల్ కూడా బొమ్మని 60 హెర్ట్జ్ వేగంతోనే గీస్తోందని. అసలు సిసలు 120 హెర్ట్జ్ ప్యానెల్ అయితే సాధారణంగా అదే బొమ్మని సగం సమయంలో గీసేస్తుంది, తేడా 7, 8 దగ్గర ఆగుతుంది. అయితే రాని గీతని గీయలేదు కాబట్టి ముందు సగం ఫ్రేమ్ పోగయ్యేదాకా ఆగాలి. అందుకే అలాంటి టీవీల్లో పై అంకె 8కి తగ్గదు. మాది 15. మా టీవీ వచ్చిన అట్టపెట్టె మీద మాత్రం అరచేయంత అక్షరాలతో 120 అనుంది, పక్కన 'మోషన్' అని చీమ తలకాయంత తోక. మూడేళ్ళుగా మా ఆయన వచ్చినవాళ్ళందరికీ ఆ 120 గురించి చెబుతున్నారు. ఈ పదిహేను సంగతి ఆయనకింకా చెప్పలేదు.

సెన్సర్‌ని తెరకి ఆనించి కూర్చుంటే నాకు పదేళ్ళ వయసప్పటి తుపాకీ గుర్తొచ్చింది. క్యాసెట్ల వీడియో గేమ్‌తో వచ్చే బాతుల తుపాకీ. దాని వైరు పొట్టిది, టీవీకి మూరెడు దూరంలో కూర్చుని కొట్టేవాళ్ళం. తుపాకీలోంచి ఏదో పోయి టీవీకి తగులుతుందని అన్నయ్య, టీవీ పాడైపోతుందని నాన్న. నిజానికి దాంట్లోంచి ఏమీ పోదు, తుపాకీయే టీవీని చూస్తుంది. గొట్టంలో కటకం, దాని వెనక వెలుగుని పసిగట్టే ఫోటోడయోడ్. ట్రిగ్గర్ నొక్కగానే ఆట ఒక ఫ్రేమ్ తెరంతా నల్లగా చేస్తుంది, తర్వాతి ఫ్రేమ్‌లో బాతు ఉన్నచోట తెల్ల చదరం గీస్తుంది. అప్పుడు డయోడ్‌కి వెలుగు కనిపిస్తే బాతు చచ్చినట్టు. రెండు బాతులుంటే ఒక్కోదానికీ ఒక్కో ఫ్రేమ్. ముందు నల్లగా చేయడం ఎందుకంటే, నల్ల ఫ్రేమ్‌లో కూడా వెలుగు కనపడిందంటే పిల్లాడు తుపాకీ బల్బు వైపు పెట్టాడని పట్టేయడానికి. మన పాల్ పద్ధతి పాత టీవీల్లో ఫ్రేమ్‌కి 20 మిల్లీసెకన్లు. ఆ 20లో తెల్ల చదరం వెలగాలి, డయోడ్ చూడాలి, ఆట చదువుకోవాలి. ఎల్‌సీడీ టీవీకి తగిలిస్తే చదరం వెలిగేసరికి ఆట చూడ్డం మానేసి బాతుని పంపించేసి ఉంటుంది. దానికి తోడు, అసలు నింటెండో తుపాకీలోని సర్క్యూట్ డబ్బా టీవీ గీతలు గీసే 15 కిలోహెర్ట్జ్ మిణుకునే పట్టించుకునేలా చేశారు.

ఇప్పుడు నా చేతిలో ఉన్నదీ అదే. ఫోటోడయోడ్, తెల్ల పట్టీ, గడియారం. ఆ తుపాకీ వెలుగు వచ్చిందా రాలేదా అని చెప్పేది, ఇది ఎప్పుడు వచ్చిందో చెబుతుంది. అమ్మకి ఫోన్ చేసి అటక మీద తుపాకీ ఉందా అంటే, "పాత సామాన్లవాడికి టీవీతో పాటు ఎప్పుడో వేసేశాం, స్టీలు బేసిన్ ఇచ్చాడు" అంది.

బుజ్జిగాడి దగ్గర వేరే పద్ధతి ఉంది. ఫోన్లో 240 ఫ్రేముల స్లో మోషన్. బటన్, తెర రెండూ పడేలా తీసి, వేలు నొక్కిన ఫ్రేమ్ నుంచి బొమ్మ కదిలిన ఫ్రేమ్ దాకా లెక్కపెట్టి ఒక్కోదానికి 4.17 వేసుకోవడం. మొన్న వాడికి గంటసేపు క్లాసు పీకాను. వేలు కదలడం కనిపిస్తుంది గానీ లోపల కాంటాక్ట్ ఎప్పుడు అతుక్కుందో కనపడదు, బటన్‌కి ఎల్‌ఈడీ కలిపితే తప్ప. ఫోన్ సెన్సర్ కూడా వరసలు వరసలుగానే చదువుతుంది, కాబట్టి బటన్ ఫ్రేమ్‌లో కింద, బొమ్మ పైన ఉంటే అక్కడే మూడు నాలుగు మిల్లీసెకన్లు తేడా. రెండూ ఒకే ఎత్తులో ఉండాలి. కొన్ని ఫోన్లు 240 అని చెప్పి మధ్యమధ్యలో వేగం మారుస్తాయి, కొన్ని 960 అని చెప్పి లేని ఫ్రేములు కల్పిస్తాయి. అన్నిటికీ మించి అందులో కంట్రోలర్, కన్సోల్, ఆట, టీవీ అన్నీ కలిసిపోయి ఉంటాయి. పనికిరాని కొలత అని తేల్చేశాను.

వాడు మాట్లాడకుండా స్టాండర్డ్ మోడ్‌లో ఇరవై నొక్కులు, గేమ్ మోడ్‌లో ఇరవై నొక్కులు తీశాడు. మొదటిదానికి సగటున 36 ఫ్రేములు, రెండోదానికి 24. తేడా పన్నెండు. పన్నెండు 4.17లు 50 మిల్లీసెకన్లు. నా పెట్టె చెప్పింది కూడా 60.5లోంచి 10.5 పోగా 50.

కాబట్టి మాట వెనక్కి తీసుకుంటున్నా. ఒక్క అంకె కావాలంటే ఆ పద్ధతి పనికిరాదు గానీ, తేడా కావాలంటే కంట్రోలర్, ఆట, వేలు అన్నీ రెండుపక్కలా కొట్టుకుపోతాయి. ఇరవై నొక్కులెందుకంటే, నొక్కు ఫ్రేమ్ మొదట్లో పడొచ్చు, చివర్లో పడొచ్చు. ఒక్కోసారి ఒక్కో ఫ్రేమ్ తేడా అలాగే వస్తుంది, సగటు తీస్తేనే నిలుస్తుంది. పైగా వాడి లెక్కే వాడికి ఎదురు తిరిగింది. గేమ్ మోడ్‌లో మొత్తం 100 మిల్లీసెకన్లు, అందులో టీవీ వాటా పదే. మిగతా తొంభై ఆటది, కంట్రోలర్‌ది. 2016లో స్ట్రీట్ ఫైటర్ ఫైవ్ వచ్చిన కొత్తలో ప్లేస్టేషన్ 4 మీద ఎనిమిది ఫ్రేముల ఆలస్యం ఉండేది, టీవీ ప్రసక్తి లేకుండానే. "అయితే కంట్రోలర్ మార్చాలి పిన్నీ" అన్నాడు.

సరే, 2.4.

మొదట చలి అనుకున్నా. ఎల్‌సీడీ చల్లగా ఉంటే పిక్సెల్ బద్ధకంగా మారుతుంది, అందుకే కొలిచే ముందు అరగంట వెలిగించి ఉంచాలి. కానీ సీరియళ్ళ పుణ్యమా అని మా టీవీ సాయంత్రం ఆరు నుంచి వెలుగుతూనే ఉంది. తర్వాత పోర్టు సెట్టింగ్ ఏమైనా మారిందేమోనని చూశా. మారలేదు.

రాత్రి కొలిచేటప్పుడు ట్యూబ్‌లైట్ ఆర్పాను. మన 50 హెర్ట్జ్ కరెంటుకి చాలా లైట్లు సెకనుకు వందసార్లు మిణుకుతాయి, అది సెన్సర్‌లోకి దూరకూడదని జాగ్రత్త. పదింటికి నీళ్ళ కోసం లేచి లైటు వేస్తే, టీవీ కూడా కాస్త వెలిగినట్టనిపించింది. కంపెనీ పేరు కింద చిన్న నల్ల కన్ను ఉంది, గదిలో వెలుతురు చూసి తెర వెలుగు తగ్గించేది. లైటార్పి, దాని మీద ఫోన్ టార్చ్ వేసి కొలిచా: 10.6. వేలితో మూశా: 12.9. ఎన్నిసార్లు చేసినా అంతే.

పిక్సెల్ నలుపు నుంచి తెలుపుకి టక్కున దూకదు, కొన్ని మిల్లీసెకన్లు ఎక్కుతూ పోతుంది. పెట్టెకి ఫలానా వెలుగు వస్తే ఆపు అని ఒక గీత ఉంటుంది. తెర మొత్తమే మసకైతే ఆ గీతని ఇంకా ఆలస్యంగా దాటుతుంది. బొమ్మ ఆలస్యంగా రాలేదు, గీత ఎత్తయిపోయింది. కొలత బాగా రావాలని నేను ఆర్పిన లైటే కొలతని చెడగొట్టింది.

నమ్మకం కుదరక, బెంగళూరు ఎస్‌పీ రోడ్‌లో కొన్న సామానుతో నేనే చేసుకున్న రెండో కొలిచే పెట్టెని బయటకు తీశా. ఆర్డుయినో లియోనార్డో అనే చిన్న సర్క్యూట్ బోర్డు, బీపీడబ్ల్యూ34 ఫోటోడయోడ్ తిరగేసి 5 వోల్టులకి, కింద 100 కిలో ఓమ్‌ల రెసిస్టర్, అనలాగ్ పిన్ దగ్గర 1 నానోఫారడ్ కెపాసిటర్. దాంతో వచ్చే ఆలస్యం 0.1 మిల్లీసెకను, పర్లేదు. లియోనార్డో యూఎస్‌బీలో తనే కీబోర్డులా నటిస్తుంది. కీ నొక్కినట్టు పంపుతుంది, ల్యాప్‌టాప్‌లో ప్రోగ్రామ్ తెరని నలుపు నుంచి తెలుపు చేస్తుంది, డయోడ్ చూస్తుంది. ఫుల్ స్క్రీన్, వీసింక్ (తెర తర్వాతి ఫ్రేమ్ కోసం ఆగడం) ఆఫ్, నొక్కులకి మధ్య విరామం మారుస్తూ వందసార్లు. ఇందులో ల్యాప్‌టాప్ ఆలస్యం కలిసి ఉంటుంది గానీ నాకు కావలసింది మళ్ళీ తేడానే. డయోడ్ చుట్టూ నల్ల ఇన్సులేషన్ టేపు చుట్టి తెరకి ఆనిస్తే ట్యూబ్‌లైట్ గొడవ లేదు. గీత స్థిరంగా ఉంచితే కన్ను మూసినప్పుడూ తెరిచినప్పుడూ అదే రెండు చిల్లర తేడా. ముందుగా పూర్తి నలుపు, పూర్తి తెలుపు చదివించి సరిగ్గా వాటి మధ్యలో గీత పెట్టమంటే తేడా అర మిల్లీసెకను లోపుకి వచ్చేసింది.

ఆ కన్ను సెట్టింగ్ పిక్చర్ మెనూలో లేదు. కరెంటు పొదుపు అని జనరల్ మెనూలో ఎక్కడో అడుగున దాచారు, గేమ్ మోడ్ పెట్టినా అది ఆగదు. ఆపేశాను. చీకట్లో మళ్ళీ 10.5. ఇందాకే అత్తయ్య మంచినీళ్ళకి లేచి, టీవీ ఎందుకింత కొడుతోంది కళ్ళల్లో అన్నారు. పొద్దున సుప్రభాతం లోపు మళ్ళీ ఆన్ చేయాలి, కొలతల చీటీ మీద 'లైట్ సెన్సర్ ఆఫ్' అని రాసి టీవీ వెనక అంటించాను.